లేబుల్ లేని డబ్బాలు

ఆ వానాకాలం మా ఇంట్లో రోజూ భోజనానికి ముందు ఒక డబ్బా తెరిచేవాళ్ళం. తెరిచేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకరోజు చిక్కుడు గింజలు, ఒకరోజు అనాస ముక్కలు, ఒకరోజు టమాటా గుజ్జులో చేపలు. మా ఆయన దానికి లాటరీ అని పేరు పెట్టారు. నేను మాత్రం డబ్బా వంక కాకుండా దాని చుట్టూ కూర్చున్నవాళ్ళ మొహాల వంక చూసేదాన్ని.

నా ఉద్యోగమే అలాంటిది. లేనివాళ్ళకి తిండి సరుకులు పంచే ధర్మసంస్థ ఒకటుంది. వాళ్ళ గోడౌన్లో డబ్బాలు ఏరే పని నాది. జనం ఇచ్చిన డబ్బాల్లోంచి సొట్టపడ్డవి, తుప్పుపట్టినవి, తేదీ దాటినవి తీసి పక్కన పెట్టాలి. అన్నిటికంటే ప్రమాదం ఉబ్బిన డబ్బా. లోపల సరుకు కుళ్ళి, గాలి పుట్టి, మూత పైకి లేస్తుంది. చూడ్డానికి నవ్వుతున్నట్టుంటుంది. అందుకే ఊరికే నవ్వేవాళ్ళంటే నాకు నమ్మకం తక్కువ.

"దేవుడు అందరికీ రెండు కళ్ళు పెట్టాడు, నీకు రెండు అనుమానాలు పెట్టాడే" అంటారు మా ఆయన. ఆయన బస్సు డ్రైవరు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే మనిషి. చెయ్యెత్తిన ప్రతివాడికీ స్టాపు కాని చోట బస్సు ఆపి డిపోలో మాటలు పడతారు. ఇద్దరం అలాగే ఉంటే సంసారం ఏ గట్టున పడుతుందో అని ఇంటికి కావలసిన అనుమానమంతా నేనే పడుతూ వచ్చాను.

డబ్బాల పోటీ సంగతి మొదట చెప్పింది మా అమ్మాయి. అది ఒక భవనాల కంపెనీలో నక్షాలు గీస్తుంది. ఒక్కతే కూతురు. చదువులో, పనిలో ఎప్పుడూ ముందుండాల్సిందే, లేకపోతే ఆ పూట తిండి తినదు.

"ఒక్కో కంపెనీ నుంచి ఒక టీమమ్మా. నిండు డబ్బాలు పేర్చి ఏదో ఒకటి కట్టాలి. జిగురు వాడకూడదు, మేకులు వాడకూడదు. జనం వచ్చి చూస్తారు. తర్వాత విప్పేసి డబ్బాలన్నీ మీ గోడౌన్‌కే ఇచ్చేస్తారు. ఆకలి మీద పోరాటం" అంది.

"ఆకలి మీద పోరాడాలంటే డబ్బాలు తెచ్చి ఇస్తే చాలదా? మధ్యలో మేడలెందుకు?"

"నలుగురూ చూస్తే ఇంకో నలుగురు ఇస్తారు."

"మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుంది."

"నీకు మంచి పని కూడా మంచిగా కనపడదమ్మా" అని విసుక్కుంది.

మా గోడౌన్ మేడం మాత్రం ఆ పోటీ మీద ఆశలన్నీ పెట్టుకుంది. వానలు మొదలైతే కూలిపనులు ఆగిపోతాయి, మా గేటు దగ్గర వరస పెరుగుతుంది. అల్మారాలు ఖాళీ అయ్యేదీ అప్పుడే. ఆ డబ్బాలొస్తే వానలు వెలిసేదాకా గట్టెక్కుతామని ఆవిడ లెక్క.

మా అమ్మాయి వాళ్ళ టీముకి పెద్ద ఒక ఇంజినీరు అబ్బాయి. ఒక సాయంత్రం వానలో తడుస్తూ అమ్మాయితో పాటు మా ఇంటికొచ్చాడు. చంకలో కాగితపు చుట్ట, మొహం నిండా నవ్వు. చెప్పులు విప్పుతూ నవ్వాడు, తువ్వాలు ఇస్తే నవ్వాడు, కుర్చీ కాలు ఊగిందని చెప్తే దానికీ నవ్వాడు. "నమస్కారం అత్తయ్యగారూ" అన్నాడు. పరిచయమై నిమిషం కాలేదు, వరస కలిపేశాడు. ఆ రోజే మనసులో అతనికి నవ్వులబాబు అని పేరు పెట్టుకున్నాను. ముద్దుతో కాదు.

నక్షా బల్ల మీద పరిచాడు. పెద్ద గిన్నె బొమ్మ. అడుగు సన్నగా, పైకి పోయేకొద్దీ ఒక్కో వరస కాస్త కాస్తగా బయటికి జరిగి, అంచు వెడల్పుగా విచ్చుకుని ఉంది. 

"కింద వరసలన్నీ టమాటా డబ్బాలండీ, ఎర్రగా వస్తుంది. అంచుకి మొక్కజొన్న, పసుపు. మధ్యలో బఠాణీ, ఆకుపచ్చ. జనం ఇచ్చినవాటిలో ఇవి చాలకపోతే ఆ రంగు లేబులున్నది ఏదైనా సరే. లేబుళ్ళ రంగులే సరిపోతాయి, వేరే అలంకారం అక్కర్లేదు" అన్నాడు.

"మరీ సంతలా ఉంటుందేమో" అంది మా అమ్మాయి.

"ఆకలేసినవాడికి సంతే కదా కావాల్సింది" అని మళ్ళీ నవ్వాడు.

మా ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. నాకు నచ్చలేదు. మాటలు తీపిగా ఉన్నవాడి దగ్గర చీమలు చేరతాయి. అతన్ని అడగాల్సినవన్నీ అడిగాను. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు, మేనమామ పెంచాడు, ఇప్పుడొక అద్దెగదిలో ఉంటున్నాడు. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. అదీ అనుమానమే నాకు.

అతను వెళ్ళాక అమ్మాయి బయటపడింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నారట. 

"నువ్వు ఊ అంటేనేనమ్మా. నీ మాట కాదని చేసుకోను" అంది. దాని కళ్ళలో నీళ్ళు చూసి నాకూ మనసు కలుక్కుమంది. అయినా కూతురి బతుకు. ఒకసారి మూత వేశాక తెరిచి చూసుకునే వీలుండదు.

"వానలు వెలిసేదాకా ఆగు. ఈలోపు అతనెలాంటివాడో చూసి చెప్తాను" అన్నాను.

పోటీ ఒక పెద్ద దుకాణాల భవనంలో, కింది అంతస్తు హాల్లో పెట్టారు. ఒకరు ఓడ కట్టారు, ఒకరు చెప్పు కట్టారు, ఇంకెవరో తాబేలు కట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు జనమిచ్చిన డబ్బాలకి కంపెనీల పేర్లు రాసి బోర్డులు నిలబెట్టారు. మేడంతో పాటు మేమూ డబ్బాలు తీసుకోవడానికి వెళ్ళాం, అమ్మాయి కట్టింది చూడాలని మా ఆయనా వచ్చారు. మా అమ్మాయి వాళ్ళ గిన్నె దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. దాన్ని చూసి నేనూ ఒక్క క్షణం నిలబడిపోయాను. రంగుల్లేవు. మొత్తం వెండి. డబ్బాలన్నీ లేబుళ్ళు ఒలిచేసి ఉత్త రేకుతో ధగధగలాడుతున్నాయి. పై దీపాల వెలుగు పడి అచ్చం వెండి గిన్నెలాగే ఉంది. మొదటి బహుమతి దానికే వచ్చింది. కంపెనీ పెద్దాయన కప్పు అందుకున్నాడు, కెమెరాలు మెరిశాయి, మా ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

అప్పుడు మా మేడం కళ్ళజోడు పెట్టుకుని గిన్నె చుట్టూ తిరిగి వచ్చింది.

"లేబుళ్ళేవండీ?" అని పెద్దాయన్ని అడిగింది.

"తీసేశాం కదండీ. ఆ మెరుపంతా అందుకే" అన్నాడాయన మురిసిపోతూ.

"మరి ఏ డబ్బాలో ఏముందో ఎలా తెలుస్తుంది?"

ఆయన టీము వంక చూశాడు. టీము డబ్బాల వంక చూసింది. కట్టేవాళ్ళు కదా, వాళ్ళకి డబ్బా అంటే ఇటుక. ఇటుక లోపల ఏముందని ఎవరడుగుతారు?

"వేరుశనగ పడని పిల్లలుంటారు. చక్కెర జబ్బువాళ్ళుంటారు. ఏ తేదీదాకా బాగుంటుందో కూడా తెలీదు. వీటిలో ఒక్కటి కూడా నేనెవరికీ ఇవ్వలేనండీ" అంది మేడం. ఆవిడ గొంతు పెంచలేదు. అయినా పక్కనున్న విలేకరి విన్నాడు, కెమెరా ఇటు తిప్పాడు.

పెద్దాయన మొహం మాడిపోయింది. "ఎవరు పీకమన్నారు?" అన్నాడు. డబ్బాలు మోసిన ఇద్దరు పనివాళ్ళు బిక్కమొహాలు వేసుకుని, "సార్ పీకమన్నారంటేనే పీకామండీ" అని నవ్వులబాబు వైపు చూపించారు. 

అతను జనంలో ఎటో చూశాడు. తర్వాత, "అవునండీ. నేనే" అన్నాడు. అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి నా ఒళ్ళు మండిపోయింది. మా గేటు దగ్గర నిలబడేవాళ్ళ నోటికాడి కూడు నేలపాలు చేసి నవ్వుతాడా? వెంటనే అమ్మాయి కోసం వెతికాను. స్తంభం పక్కన నిలబడి కొంగు మడతలు సరిచేసుకుంటోంది. పాపం, కాబోయేవాడి పరువు నలుగురిలో పోయిందని కుమిలిపోతోంది అనుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు.

కొత్త డబ్బాలు కొని పంపిస్తానని పెద్దాయన మేడంకి అక్కడే మాటిచ్చాడు. ఆ మాట వానలో తడిసి ఎక్కడో కొట్టుకుపోయింది. ఒలిచిన డబ్బాల్ని ఆఫీసువాళ్ళు తలా కొన్ని పట్టుకెళ్ళమంటే ఎవరూ ముట్టుకోలేదు. చివరికి పారేయడానికి మనసొప్పక నవ్వులబాబూ మా అమ్మాయీ వ్యానులో వేయించుకుని మా ఇంటికే తెచ్చారు. ముందుగది కిటికీ సగందాకా అట్టపెట్టెలే. ఉబ్బినవి, కారేవి ఉన్నాయేమోనని ప్రతిదీ నేనే తిప్పి తిప్పి చూశాను. డబ్బాలన్నీ బాగానే ఉన్నాయి.

కంపెనీలో దాని ఫలితం తొందరగానే తేలింది. నక్షాల విభాగానికి పెద్దగా అతన్ని వేయాల్సిన చోట మా అమ్మాయిని వేశారు. అతన్ని ఎక్కడో కొండల్లో ఉన్న రాళ్ళ క్వారీకి పంపుతామన్నారు, వానలు తగ్గి దారి తెరుచుకోగానే. అక్కడ ఇంజినీరు చేసే పనేమీ లేదట, లారీలు వచ్చేదీ పోయేదీ చూసుకోవడమే. అక్కడికి పంపినవాళ్ళని తిరిగి పిలిచిన పాపాన ఎవరూ పోలేదని అమ్మాయే ఒకసారి చెప్పింది. అతని చదువుకి అది చేతులు కట్టేయడమే. 

అమ్మాయి పైకొచ్చిందని నేను వీధిలో పదిమందికి చెప్పుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే అది మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. "నీకు సంతోషంగా లేదా?" అంటే, "తలనొప్పమ్మా" అంది.

నవ్వులబాబుని రోజూ భోజనానికి పిలిచింది మా ఆయన. "డబ్బాలు తెచ్చిపెట్టి తను తప్పించుకుంటే ఎలా? తినడానికైనా రావాలి" అని ఆయన వాదన. అలా సాయంత్రమయ్యేసరికి గొడుగు ముడుస్తూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. నాకదీ మంచిదే అనిపించింది. అనుమానం ఉన్న సరుకుని కళ్ళముందు పెట్టుకోవాలి.

ఒకరోజు మా ఆయన డబ్బా తెరవగానే గది నిండా అదోరకం వాసన. లోపల ముదురు రంగు ముక్కలు, పైన జిడ్డు. 

"మాంసంలా ఉందే. ఇవాళ మన పంట పండింది" అని గరిటె తీసుకున్నారు.

నవ్వులబాబు వంగి వాసన చూసి, "మావయ్యగారూ, ఆగండాగండి. ఇది మనది కాదు, కుక్కది" అన్నాడు.

"కుక్క తినగా లేంది మనం తినకూడదా? కాస్త ఉప్పు పడితే..."

"అల్లుడి ముందు పరువు తీయకండి" అన్నాను. అల్లుడు అన్న మాట నోరు జారి వచ్చింది. అతను నవ్వాడు, మా ఆయన నవ్వారు, ఎంత ఆపుకున్నా నేనూ నవ్వాను. అమ్మాయి ఒక్కతే కంచంలోకి చూస్తూ కూర్చుంది.

ఇంకోరోజు గోడౌన్లో జరిగింది బల్ల దగ్గర చెప్పాను. కావాలనే అతని ముందు చెప్పాను. ఆ పొద్దున ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. అల్మారాలో మిగిలినవి సర్దితే ఆవిడ సంచి సగం కూడా నిండలేదు. ఆవిడ సంచి ఎత్తుకుని బరువు చూసుకుంది, నా మొహం చూసింది, వెళ్ళిపోయింది. 

"ఆ గిన్నె నిండా ఉన్న డబ్బాలుంటే ఆవిణ్ణి అలా పంపేదాన్ని కాదు" అన్నాను. 

అతను తల వంచుకున్నాడు. "తప్పు జరిగిందండీ" అన్నాడు. అమ్మాయి తింటున్నదల్లా ఆపి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఎవరి ఆకలి గురించి విన్నా తట్టుకోలేదు, ఎంత మెత్తటి మనసో నా తల్లిది అని పొంగిపోయాను.

అది వెళ్ళాక అతన్ని నిలదీశాను. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నక్షాలో రంగులు పెట్టినవాడివి, మళ్ళీ ఎందుకు పీకించావు?"

"మెరుస్తుంది కదా అనండీ."

"అన్ని డబ్బాలు ఎలా ఒలిచారు?"

అతను కాస్త ఆగి, "బ్లేడుతో గీకించానండీ" అన్నాడు.

అతను వెళ్ళాక ఒక డబ్బా తీసి దీపం కింద పెట్టి చూశాను. ఇంకోటి తీశాను. ఎక్కడా ఒక్క గీత లేదు. బ్లేడు పెడితే రేకు మీద గాట్లు పడక తప్పదు. ఇవి వేడినీళ్ళలో నానబెట్టి ఒలిచినవి. అంత చిన్న విషయానికి అబద్ధమెందుకు?

"చూశారా? నేను చెప్తే విన్నారా? అబద్ధాలకోరు" అన్నాను మా ఆయనతో.

"కాగితం నీళ్ళలో ఊడిందా బ్లేడుతో ఊడిందా అన్నదానికి పెళ్ళి ఆపేస్తావా?"

"ఈపాటిదానికే అబద్ధమాడేవాడు రేపు పెద్దదానికి ఆడడా? వానలు వెలియగానే కాదని చెప్పేస్తాను. ఎలాగూ పోతున్నాడుగా, పీడా పోతుంది."

ఆయన లేచి డబ్బాని పెట్టెలో పెట్టేశారు. ఆయనకి ఆ అబ్బాయి అలవాటైపోయాడు, అది నాకు తెలుసు. నిజం చెప్పాలంటే, సాయంత్రం గుమ్మంలో గొడుగు చప్పుడు కాకపోతే నాకూ తోచేది కాదు. అందుకే మరింత మొండికేశాను.

ఆ ఆదివారం మా ఆయన స్నానాలగదిలో తూముకి మోక్షం కలిగించారు. కొన్నాళ్ళుగా నీళ్ళు కిందికి దిగకుండా చీలమండల దాకా నిలిచిపోతున్నాయి. జాలీ విప్పి, వంకర తీగ లోపలికి తోసి, తిప్పి లాగారు. పిండిముద్దలాంటిది ఏదో వచ్చింది. మళ్ళీ లాగితే ఇంకాస్త.

"ఎవరే తూములో కాగితాలు పడేసింది? కాగితాలమ్మే కొట్టు పెట్టొచ్చు" అన్నారు.

బకెట్టులోకి చూశాను. నానిపోయిన కాగితం. ఒక ముద్ద మీద ఎర్రగా టమాటా బొమ్మలో ముక్క, ఇంకోదాని మీద పసుపు గింజలు. ఆయన అదంతా చెత్తబుట్టలో పోసి, చేతులు కడుక్కుని, ఎంత బాగా దిగిపోతున్నాయో చూడమని నీళ్ళు పోసి చూపించారు. "బాగుందండీ" అన్నాను.

పోటీకి కొద్దిరోజుల ముందు ఆ అబ్బాయి వేరే ఊరి సైటుకి వెళ్ళాడు. తను లేడు, పనంతా నా మీదే పడిందని అమ్మాయి గునిసింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బరువైన సంచితో వచ్చి, ఒళ్ళునొప్పులు, వేడినీళ్ళు పోసుకుంటానని తలుపేసుకుని ఎంతకీ బయటికి రాలేదు. నేను బయట నిలబడి, "చాలు, జలుబు చేస్తుంది" అని అరిచాను. అంతా నా కళ్ళముందే జరిగింది. గోడౌన్లో సూదిమొనంత తుప్పుని పట్టుకునేదాన్ని. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు, ఊరికే అనరు.

అమ్మాయి ముందుగదిలో మర్నాటికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. దాని వెనకాల డబ్బాల పెట్టెలు. నేను వాటి మీదే కూర్చున్నాను.

"తూములోంచి లేబుళ్ళు వచ్చాయి" అన్నాను.

ఇస్త్రీపెట్టె ఆగింది. చీర కాలుతుందేమోనని నేనే లేచి దాన్ని పక్కన పెట్టాను.

"ముందు నాలుగు ఇంట్లో ఒలిచి చూశాను. ఎంత బాగా మెరిశాయో నీకు తెలీదమ్మా. రంగులతో అయితే బహుమతి రాదని నాకు తెలిసిపోయింది" అంది నెమ్మదిగా.

"పనివాళ్ళు సార్ పేరు చెప్పారే?"

"నేను చెప్తే వాళ్ళు వినరు. ప్రతిదానికీ సార్ చెప్పారా అని అడుగుతారు. ఆయన ఫోన్ తీయలేదు. సార్ పీకమన్నారు అని చెప్పేశాను. ఆయన వచ్చేసరికి అన్నీ ఒలిచేసి ఉన్నాయి."

"అతనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఒలిచాక ఇంకేం చేస్తాం, బాగానే ఉన్నాయిలే అన్నారు. ఎవరు చేయించారని కూడా అడగలేదు. హాల్లో నేను నోరు తెరిచేలోపే 'నేనే' అనేశారు. నేను చెప్పమనలేదమ్మా."

"కాదని కూడా చెప్పలేదుగా."

అది చీర అంచు మడతపెట్టింది.

"అతని కుర్చీ నీకిచ్చినప్పుడు?"

"ఒకరోజు చెప్పకపోతే రెండోరోజు ఇంకా కష్టమైపోతుందమ్మా. అంతే" అని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నాన్నకి చెప్తావా?" అంది.

నాకు చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. దాన్ని దగ్గరికి తీసుకుని అంతా సర్దుకుంటుందిలే అనాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. దాన్ని చూస్తే నాకు భయం వేసింది. నా కూతురంటే నాకు భయం వేయడం అదే మొదలు.

వానలు తగ్గాయి. మర్నాడు పొద్దున్నే క్వారీ లారీలో బయలుదేరాలని చెప్పి నవ్వులబాబు ఆ సాయంత్రం ఎప్పట్లాగే వచ్చాడు. చేతిలో గొడుగు లేదు. మా ఆయన డబ్బా తెరిచారు, పియర్ పండ్ల ముక్కలు. శుభం అన్నారు. అందరికీ గిన్నెల్లో వేసి, గొంతు సవరించుకున్నారు.

"ఇదిగో, వానలు వెలిశాయి. వెలిశాక చెప్తానన్నావు. అబ్బాయి పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు. ఎక్కడికి పోతేనేం, మన మనిషని తెలిస్తే ధైర్యంగా ఉంటాడు. ఏదో ఒకటి చెప్పు" అన్నారు నాతో.

ముగ్గురూ నా వంకే చూశారు. అమ్మాయి చూపులో బతిమాలడం ఉంది. నేను ఊ అంటే చాలు. అతను కొండల్లో రాళ్ళు చూసుకుంటాడు, ఇది కుర్చీలో కూర్చుంటుంది, ఎప్పుడో పెళ్ళవుతుంది, తూములో పోయింది తూములోనే పోతుంది. కాదన్నా సుఖమే, అతను వెళ్ళిపోతాడు, అడిగేవాడుండడు. ఈ రెంటిలో ఏదైనా అనడానికి నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"బాబూ, నీ సంగతులన్నీ మేము విచారించుకున్నాం. మా అమ్మాయి సంగతి నువ్వు విచారించుకున్నావా?"

"అదేం ప్రశ్నే?" అన్నారు మా ఆయన.

అతను చెంచా గిన్నెలో పెట్టేశాడు. నవ్వు లేదు. నవ్వు లేని అతని మొహం నేను చూడడం అదే మొదటిసారి. బాగా అలిసిపోయిన మొహం.

"తెలుసండీ" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ పనివాళ్ళు నా పేరు చెప్పినప్పుడే. నేను చెప్పలేదు కాబట్టి, నా పేరు వాడగలిగేది తనొక్కతే."

"తెలిసీ రోజూ ఎందుకొచ్చావు మరి?"

"తను చెప్తుందేమోనండీ. ఆఫీసులో కాకపోయినా ఇక్కడ, మీ ముందైనా. పోనీ నాతో ఒక్కడితోనైనా. ఇవాళ చెప్తుందేమో, ఇవాళ చెప్తుందేమో అని వచ్చేవాణ్ణి." కాస్త ఆగి, "ఇవాళ అది కూడా అనుకోలేదండీ. మీతో ఒకమాట చెప్పి వెళ్దామని వచ్చానంతే" అన్నాడు.

ఆ బల్ల దగ్గర మొహాలు చూస్తూ కూర్చున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట.

మా ఆయనకి ఏమీ అర్థం కాక ఒకరి తర్వాత ఒకరిని చూస్తున్నారు. అమ్మాయి లేచింది. లోపలికి పోతుందనుకున్నాను. అల్మారా మీద పెట్టిన ఫోన్ తీసుకుని మా మధ్యే నిలబడి నంబరు నొక్కింది.

"సార్, నేను. డబ్బాల లేబుళ్ళు పీకించింది ఆయన కాదు సార్. నేను. ఆయన పేరు చెప్పి నేనే పీకించాను." అవతల ఏమన్నారో, కాసేపు విన్నది. "తెలుసు సార్... అవును, ఇన్నాళ్ళూ చెప్పలేదు... రమ్మంటే పొద్దున్నే వస్తాను. ఆయన్ని క్వారీకి పంపకండి సార్." మళ్ళీ విని, "సరే సార్" అంది.

ఫోన్ పెట్టేసి, "ఇద్దర్నీ రేపు ఆఫీసుకి రమ్మన్నారు. నా ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేదు" అంది ఎవరి వంకా చూడకుండా.

మా ఆయనకి నిదానంగా బోధపడింది. ఆయన మొహం ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ మామూలుగా అయింది. ఏదైనా చెడిందంటే ఆయన చూస్తూ ఊరుకోలేరు, ఆ పూటకే బాగుచెయ్యాలి. 

"సరే, అయిందేదో అయింది. నిజం బయటికొచ్చింది కదా, ఇక దాపరికాలేం లేవు. వాళ్ళేమన్నా అననీ. బాబూ, ఇక పెళ్ళికి మంచిరోజు చూసేద్దాం" అన్నారు.

అతను కంచం ముందునుంచి లేవలేదు. అమ్మాయి వంక చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. 

"మావయ్యగారూ, నాకు కొంచెం టైమివ్వండి" అన్నాడు.

"ఎంత?"

"తెలీదండీ. ఇప్పుడే ఊ అనలేను. తను ఎలాంటిదో నేనూ మళ్ళీ మొదట్నుంచి చూసుకోవాలి."

అమ్మాయి తల ఊపింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, అయినా తల దించలేదు. మా ఆయన మొహం వాడిపోయింది. ఏదో ఒకటి అనవే, ఒప్పించవే అన్నట్టు నా వంక చూశారు. ఆడపిల్ల తల్లిని, అతను అలా టైమడిగితే నాకు అవమానంగా అనిపించాలి. అనిపించింది కూడా. కానీ అతని మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. ఇలాంటివాడి చేతిలో పిల్లని కళ్ళు మూసుకుని పెట్టొచ్చు అనిపించింది. ఊ అనాల్సింది ఇప్పుడు నేను కాదు.